ఎంబీబీఎస్ పిల్లలకు హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ చెప్పాలి: ఎక్కడ మొదలుపెట్టమంటారు?

ఎస్పీఎం_అసిస్టెంట్ (విజయవాడ)

అందరికీ నమస్కారం. విజయవాడ దగ్గర ఒక మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ (పాత పేరు ఎస్పీఎం) చెబుతాను. థర్డ్ ఇయర్ పార్ట్ 1 పరీక్షలయ్యాక పిల్లలకు ఎలక్టివ్ (ఇష్టపడి ఎంచుకునే కోర్సు) ఉంటుంది కదా, ఈసారి అందులో హెల్త్ ఇన్ఫర్మాటిక్స్, అంటే రోగుల సమాచారాన్ని రాసి, దాచి, వాడుకునే విద్య, పెట్టమని హెచ్‌ఓడీ గారు నా నెత్తిన వేశారు. ఇరవై మంది దాకా చేరేట్టున్నారు. నా చేతిలో ఉన్నదల్లా ఎవరో వదిలేసిపోయిన పాత పీపీటీ. మొదటి క్లాసు కంప్యూటర్ చరిత్ర, రెండోది హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ తేడాలు. ఫోన్‌లో రీల్స్ ఎడిట్ చేసుకునే పిల్లల ముందు మౌస్ బొమ్మ పెట్టి ఇన్‌పుట్ డివైస్ అని చెప్పే ధైర్యం నాకు లేదు.

ఇక్కడ ఆస్పత్రి రికార్డుల్లో, ఐటీలో, ఫీల్డులో పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. రేపు డాక్టర్ కాబోయేవాళ్లకు ఇందులో ఏది తప్పకుండా తెలియాలి? ఏది వదిలేసినా ఫర్వాలేదు? పైథాన్ ప్రోగ్రామింగ్ చెప్పాలా? ఆభా (ప్రభుత్వం ఇచ్చే డిజిటల్ హెల్త్ ఐడీ) ఎంతవరకు చెప్పాలి?

లబ్బీపేట_కోడర్

సార్, హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే చోటే నా ఉద్యోగం. పైథాన్ సంగతి పక్కన పెట్టండి, డేటాబేస్‌లోంచి కావలసింది వెతికి తీసే భాష ఎస్‌క్యూఎల్ మాత్రం నేర్పించండి. 'పోయిన నెల డెంగీ పాజిటివ్ వచ్చినవాళ్లలో ప్లేట్‌లెట్లు 50 వేల లోపున్నవాళ్లు ఎంతమంది' అని సొంతంగా వెతుక్కోగలిగే డాక్టర్ మా దగ్గరికి వచ్చి 'కొంచెం రిపోర్ట్ తీసిపెట్టండి' అని నిలబడక్కర్లేదు. దాంతోపాటు ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి రికార్డులు పంపడానికి వాడే హెచ్ఎల్7, ఫైర్, టెస్టులకు కోడ్లిచ్చే లోయింక్, వైద్య పదాలకు కోడ్లిచ్చే స్నోమెడ్, ఈ పేర్లన్నా చెవిన పడాలి. మన కేంద్ర ప్రభుత్వం ఈహెచ్ఆర్ (కంప్యూటర్‌లో ఉండే రోగి రికార్డు) ప్రమాణాలు 2013లో ఇచ్చింది, 2016లో సవరించింది. ఇప్పటికీ ఆ మాట ఎత్తితే చాలామంది డాక్టర్లు తెల్లముఖం వేస్తున్నారు.

పాత_పిల్లల_డాక్టరు (కొత్తపేట, గుంటూరు)

ముందు పొట్ట మీద చెయ్యి వేసి లివర్ ఎంతుందో చూడటం నేర్పండి బాబూ. స్క్రీన్ వంకే చూస్తూ తల్లిని 'ఎన్నాళ్ల నుంచి జ్వరం' అని అడిగే డాక్టర్లు ఇప్పటికే ఎక్కువయ్యారు. ఆమె చెప్పేది వాళ్లకు వినపడదు, వాళ్లు కొట్టేది ఆమెకు కనపడదు. ఇప్పుడు దానికో కోర్సు కూడానా?

ఎంఆర్‌డీ_అక్క (గుంటూరు)

డాక్టర్ గారి కోపం నాకు అర్థమైంది. కానీ ఆ స్క్రీన్‌లో చేరిన రాతలన్నీ చివరికి వచ్చేది మా మెడికల్ రికార్డ్స్ గదికే. నేనక్కడ కోడింగ్ చేస్తాను. ప్రోగ్రామింగ్ కాదులెండి, జబ్బులకు ఐసీడీ అనే అంతర్జాతీయ జాబితా ప్రకారం కోడ్ వేయడం. ఎస్పీఎం సార్‌కి నేనిచ్చే సలహా ఒక్కటే. మీ మొదటి క్లాసు కంప్యూటర్ ల్యాబ్‌లో పెట్టకండి, ఫారం 4 మీద పెట్టండి.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. ఆస్పత్రిలో ఎవరైనా చనిపోతే 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం డాక్టర్ మరణ కారణం రాసిచ్చే కాగితమే ఫారం 4. ఇంట్లో పోతే 4ఏ. అందులో మొదటి భాగంలో పైనుంచి కిందికి మూడు వరుసలుంటాయి. వెంటనే ప్రాణం తీసింది ఏమిటి, అది దేనివల్ల వచ్చింది, దానికీ మూలం ఏమిటి. షుగర్ ఉన్న మనిషికి కాలు కుళ్లి, సెప్టిక్ షాక్‌లోకి వెళ్లి చనిపోయాడనుకోండి. ఏ దగ్గర సెప్టిక్ షాక్, బీ దగ్గర కాలి గాంగ్రీన్, సీ దగ్గర టైప్ 2 డయాబెటిస్ రాయాలి. అప్పుడు మూల కారణం కింద షుగర్‌కి ఈ11 కోడ్ పడుతుంది.

మా దగ్గరికి వచ్చే ఫారాల్లో ఎక్కువ భాగం ఎలా ఉంటాయో తెలుసా? ఏ దగ్గర 'కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్'. మిగతా రెండు వరుసలూ ఖాళీ. గుండె, ఊపిరి ఆగకుండా చనిపోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా చెప్పండి. ఆ మనిషి షుగర్ వల్ల పోయాడని రాష్ట్రం లెక్కలో ఎక్కడా తేలదు. పైన లెక్కలు చూపించే డాష్‌బోర్డు ఎంత ఖరీదైనది పెట్టుకున్నా రాత్రి డ్యూటీలో ఉన్న పిల్లాడు ఆ మూడు గీతల మీద రాసిందే దానికి దిక్కు.

డిశ్చార్జ్ సమ్మరీలూ అంతే. 'ఫీవర్ అండర్ ఇవాల్యుయేషన్' అని రాసి పంపిస్తారు. టైఫాయిడ్ కల్చర్ రిపోర్ట్ అదే ఫైల్లో వెనక్కాల పిన్ చేసి ఉంటుంది. డాక్టర్ నిర్ధారించకుండా కోడ్ మార్చడానికి నాకు అధికారం లేదు. టైఫాయిడ్ కోడ్ ఏ01.0 పడాల్సిన చోట ఒట్టి జ్వరం కోడ్ ఆర్50 వేసి ఊరుకుంటాను.

హౌస్‌సర్జన్_గుంటూరోడు

అక్కా, మీరు చెప్పింది నిజమే, కానీ మా వైపు నుంచి కూడా చూడండి. ఫారం 4 ఎలా నింపాలో ఎస్పీఎం వైవా కోసం బట్టీ పట్టాం. రాత్రి రెండింటికి బయట బంధువులు బాడీ కోసం గొడవ పడుతుంటే, సిస్టర్ 'సార్ త్వరగా' అంటుంటే, పీజీ అన్న ఏది రాయమంటే అదే రాస్తాం.

ఇంకోటి. 2019 కరికులమ్‌లో ఫౌండేషన్ కోర్సుకు 175 గంటలు పెట్టారు, అందులో భాష, కంప్యూటర్ నైపుణ్యాలకు కలిపి 40. మాకు ఆ గంటల్లో వర్డ్‌లో టేబుల్ గీయడం చెప్పారు. ఆస్పత్రి సాఫ్ట్‌వేర్‌లో నిన్నటి నోట్స్ కాపీ చేసి ఇవాళ్టి తేదీతో పెట్టే బటన్ ఒకటుంటుందని, దాన్ని నొక్కితే ఏమవుతుందని ఎవరూ చెప్పలేదు. జ్వరం తగ్గి రెండు రోజులైనా నోట్స్‌లో మాత్రం పేషెంట్‌కి ఇంకా 101 కాస్తూనే ఉంటుంది. ఎస్పీఎం సార్, ముందు ఇది చెప్పండి. ఎస్‌క్యూఎల్ తర్వాత.

పాత_పిల్లల_డాక్టరు (కొత్తపేట, గుంటూరు)

ఫారం 4 గురించి ఆ అమ్మాయి రాసింది అక్షరాలా నిజం. అది కంప్యూటర్ కోర్సు కాదు, బుద్ధిగా రాసే కోర్సు. అలా అయితే నాకు అభ్యంతరం లేదు.

మేం చదువుకునే రోజుల్లో కేస్ షీట్ రాయడం ఒక విద్య. అమెరికాలో లారెన్స్ వీడ్ అని ఒకాయన ఉండేవాడు. రోగి సమస్యల జాబితా ముందు రాసుకుని, ప్రతి నోట్‌నీ ఫలానా సమస్యకు ముడిపెట్టి రాయాలని 1968లో పెద్ద వ్యాసం రాశాడు. మీరంతా సోప్ నోట్స్ అంటారే, రోగి చెప్పింది, మనం చూసింది, మన అంచనా, చేయబోయేది, ఆ పద్ధతి ఆయనదే. కంప్యూటర్ రికార్డులకు పునాది కూడా అదే. కాబట్టి కోడర్ బాబు చెప్పే పొడి అక్షరాల పేర్లకంటే ముందు వీడ్ గురించి చెప్పండి.

లబ్బీపేట_కోడర్

డాక్టర్ గారూ, ఒప్పుకుంటున్నాను, కానీ ఆ పొడి అక్షరాలు ఊరికే పుట్టలేదు. ఉదాహరణకి గ్లూకోజ్ 7 అని ఒక రిపోర్ట్ వచ్చిందనుకోండి. మనకు అలవాటైన మిల్లీగ్రాముల లెక్కలో అయితే మనిషి బతికుండడు. మిల్లీమోల్స్‌లో అయితే 126, అంటే ఫాస్టింగ్‌లో షుగర్ అని చెప్పే గీత. గల్ఫ్‌లోనో లండన్‌లోనో ఉన్న కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండి వచ్చిన పెద్దాయన అక్కడి రిపోర్టులు పట్టుకొస్తే మన సిస్టమ్‌లో ఎక్కించేవాళ్లు అంకె ఒక్కటే ఎక్కిస్తారు. ఏ టెస్టు, ఏ శాంపిల్, ఏ యూనిట్ అన్నది అంకెతోపాటే ప్రయాణించాలి. లోయింక్ లాంటివి అందుకే. ఈ ఒక్క ఉదాహరణ చెబితే చాలు, ప్రమాణాల మీద లెక్చర్ అక్కర్లేదు.

పేర్ల గొడవ ఇంకోటి. వెంకటేశ్వరరావు అన్న పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో పిల్లల చేత బోర్డు మీద రాయించండి. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక, మరోచోట ఒట్టి ఇనీషియల్. ఫోన్ నంబరేమో ఒకసారి కొడుకుది, ఇంకోసారి అల్లుడిది. ఒకే మనిషికి మూడు ఓపీ నంబర్లు, మూడు ఫైళ్లు. పెన్సిలిన్ పడదని ఒక ఫైల్లో ఉంటుంది, మిగతా రెంటిలో ఉండదు. ఆభా నంబర్ 14 అంకెలని బట్టీ పట్టించడం కంటే, అది ఎందుకు అవసరమైందో ఇలా చెబితే బుర్రకెక్కుతుంది.

సబ్‌సెంటర్_సిస్టర్ (తెనాలి వైపు)

నేను ఏఎన్ఎంని. ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు కానీ రాస్తున్నాను. మీ పిల్లలు ఫ్యామిలీ అడాప్షన్ (కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని వాళ్ల ఆరోగ్యం చూడటం) అని ఊళ్లకు వస్తుంటారు. ట్యాబ్ పట్టుకుని ఇంటికి వెళ్లి అడిగేవి మేం పోయినవారం అడిగిన ప్రశ్నలే. 'మళ్లీ ఏమిటమ్మా, ఇల్లు గానీ ఇస్తారా' అని జనం మమ్మల్ని అడుగుతున్నారు.

గర్భిణులకు ఒక ఆన్‌లైన్, టీబీకి నిక్షయ్, బీపీ షుగర్లకు ఇంకోటి, టీకాలకు యూ-విన్. వేటికవే. పొలాల్లో సిగ్నల్ ఉండదు. నోట్‌బుక్‌లో రాసుకుని సాయంత్రం ఇంటికొచ్చి వంట చూసుకుంటూ ఎక్కిస్తాం. పైనుంచి 'ఈరోజు ఇన్ని పూర్తవ్వాలి' అని గ్రూపులో మెసేజ్ వస్తుంది. అలా వచ్చిన రోజు ఎవరైనా ఏం చేస్తారో నేను చెప్పక్కర్లేదు. వరసగా 120/80, 130/80 కనిపిస్తే పెద్ద డాక్టర్లు మమ్మల్ని తిడతారు. ఆ అంకె ఎలా వచ్చిందో మీ పిల్లలు ఒక్క రోజు మాతో తిరిగి చూస్తే బాగుంటుంది. ప్రశ్నలు అడగడానికి కాదు, ఊరికే తిరగడానికి రమ్మనండి.

ఎస్పీఎం_అసిస్టెంట్ (విజయవాడ)

సిస్టర్, తప్పకుండా రాయాలి మీరు. ఈ థ్రెడ్‌లో నాకు బాగా పనికొచ్చిన పోస్టుల్లో మీదొకటి. మీ దగ్గరికి పిల్లల్ని పంపాలంటే పర్మిషన్ ఎవరిని అడగాలో మెసేజ్ పెడతాను.

మీ మాట మీదే ఒక ఆలోచన వచ్చింది. ఓపీ రిజిస్టర్‌లో వయసులు తీసుకుని గ్రాఫ్ గీయిస్తే ఎలా ఉంటుంది? 40, 45, 50, 55 దగ్గర స్తంభాలు లేచి కూర్చుంటాయి, 47, 52 దగ్గర బోసిపోతుంది. జనాభా లెక్కలవాళ్లు దీన్నే విప్పుల్ ఇండెక్స్‌తో కొలుస్తారు. 23 నుంచి 62 ఏళ్ల వాళ్లలో సున్నాతో, అయిదుతో ముగిసే వయసులు ఎంత ఎక్కువున్నాయో చూస్తారు. 100 వస్తే జనం సరిగ్గా చెప్పినట్టు, 500 వస్తే అందరూ ఉజ్జాయింపుగా చెప్పినట్టు. బీపీ అంకెల్లో చివరి సున్నాలకూ అలాగే లెక్క కట్టొచ్చు. ఒక మధ్యాహ్నం పని, ఎక్సెల్ చాలు.

ఎంఆర్‌డీ_అక్క (గుంటూరు)

చాలా బాగుంటుంది సార్. ఆ రిజిస్టర్ మాత్రం ఫోన్‌లో ఫొటోలు తీసుకుపోనివ్వకండి. దయచేసి.

లెక్కల_మేష్టారు (బ్రాడీపేట)

డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను, డాక్టర్ని కాను. మీ థ్రెడ్ మా కజిన్ పంపితే చదివాను. ఏఐ ఊసు ఇంకా ఎవరూ ఎత్తలేదు కాబట్టి ఆ పని నేను చేస్తాను. మీ పిల్లలు రేపు డ్యూటీలో ఎదుర్కోబోయేది అదే.

సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లలో ఎంతమందిని పట్టుకుంటుంది), స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లలో ఎంతమందిని సరిగ్గా వదిలేస్తుంది) మీరెలాగూ చెబుతారు. దాన్ని అక్కడితో ఆపకండి. 'కచ్చితత్వం 90 శాతం' అని గొప్పగా చెప్పుకునే యాప్ ఒకటి ఉందనుకుందాం, రెండూ తొంభైయే. దాన్ని ఒక ఊళ్లో మెడికల్ క్యాంపుకి పట్టుకెళ్లారు. అక్కడ వెయ్యిమందిలో జబ్బున్నవాళ్లు పదిమంది. యాప్ వాళ్లలో 9 మందిని పట్టుకుంటుంది. బాగానే ఉంది. మిగతా 990 మందిలో పదో వంతు, అంటే 99 మందిని కూడా ఉత్త పుణ్యానికి పట్టుకుంటుంది. మొత్తం 108 మందికి ఎర్ర లైటు వెలిగితే నిజంగా జబ్బున్నది తొమ్మిది మందికి. అదే యాప్‌ని స్పెషలిస్టు ఓపీలో పెట్టండి. అక్కడ వెయ్యికి 300 మందికి జబ్బు ఉంటుందనుకుంటే 270 మంది అసలు, 70 మంది నకిలీ. యాప్ మారలేదు, ముందు కూర్చున్న జనం మారారు. పిల్లల చేత ఈ లెక్క కాగితం మీద చేయిస్తే, కంపెనీ ప్రతినిధి వచ్చి 90 శాతం అన్నప్పుడు 'ఎవరిలో?' అని అడుగుతారు.

నిజంగా జరిగినదీ ఒకటుంది. అమెరికాలో వందల ఆస్పత్రుల్లో వాడుతున్న సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి రావడం) హెచ్చరిక ప్రోగ్రామ్‌ని మిషిగన్ యూనివర్సిటీవాళ్లు తమ రోగుల మీద పరీక్షించి 2021లో ఫలితాలు అచ్చువేశారు. అడ్మిట్ అయినవాళ్లలో 18 శాతం మందికి అలర్ట్ మోగింది. అంత మోగినా సెప్సిస్ వచ్చినవాళ్లలో 67 శాతం మందిని అది పట్టుకోలేదు. థాయ్‌లాండ్ క్లినిక్కుల్లో గూగుల్‌వాళ్ల కంటి స్కానింగ్ ఏఐకి ఇంకో రకం ఇబ్బంది వచ్చింది. గదిలో వెలుతురు సరిగ్గా లేక ఫొటోల్లో అయిదో వంతు దాకా 'పనికిరావు' అని తిప్పికొట్టింది. నర్సులు తలలు పట్టుకున్నారు. ల్యాబ్‌లో గెలిచింది వార్డులో గెలవాలని లేదని చెప్పడానికి ఈ రెండూ చాలు.

హౌస్‌సర్జన్_గుంటూరోడు

మేష్టారూ, మీరు మాకు ఫస్టియర్‌లోనే దొరికుంటే బయోస్టాట్స్ అంటే అంత టెన్షన్ ఉండేది కాదు.

పటమట_నాన్న

మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. మా అమ్మాయి బైపీసీ, నీట్ ర్యాంకు సరిపోయేలా లేదు. హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ డిగ్రీ చేయిస్తే డాక్టర్‌తో సమానంగా ఉంటుందా?

ఎంఆర్‌డీ_అక్క (గుంటూరు)

అన్నయ్యా, సమానం కాదు, వేరే ఉద్యోగం. రికార్డులు, కోడింగ్, ఇన్సూరెన్స్ క్లెయిములు, సాఫ్ట్‌వేర్ వైపు పనులుంటాయి. అమ్మాయికి ఓపిక, ఇంగ్లీషు, అనాటమీ మీద ఇష్టం ఉంటే బాగానే బతుకుతుంది. ఎంబీబీఎస్ రాలేదని ఏడుస్తూ చేరితే మాత్రం ఇక్కడా ఏడుస్తుంది. వేరే థ్రెడ్ పెట్టండి, వివరంగా రాస్తాను.

లబ్బీపేట_కోడర్

ఎంఆర్‌డీ అక్క ఫొటోల సంగతి ఎత్తారు కాబట్టి ఇదీ చెప్పేస్తాను. వార్డులో ఎక్స్‌రే ఫొటో తీసి వాట్సాప్‌లో సీనియర్‌కి పంపడం అందరూ చేసేదే. రాత్రిపూట అదే ప్రాణం కాపాడుతుంది కూడా, కాదనను. పేరు మీద వేలు అడ్డం పెట్టి ఫొటో తీస్తే సరిపోతుందని పిల్లలు అనుకుంటారు, తేడా అక్కడే వస్తుంది. ఊరు పేరు, వయసు, ప్రసవం తేదీ, అరుదైన జబ్బు, ఈ నాలుగూ ఉంటే ఆ మండలంలో ఆమె ఎవరో టీకొట్టు దగ్గర కూర్చున్నవాడు కూడా చెబుతాడు. పుట్టినతేదీ, ఆడా మగా, పిన్‌కోడ్ లాంటి నంబర్, ఈ మూడింటితోనే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడివిడిగా గుర్తుపట్టొచ్చని లటన్యా స్వీనీ అప్పుడెప్పుడో 2000లోనే లెక్కగట్టి చూపించింది.

2023లో మన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. సెక్షన్లు అక్కర్లేదు. ఎవరి అనుమతితో, ఏ పనికోసం, ఎంతకాలం అన్నది అర్థమైతే చాలు. ఆభా కూడా ఆ దారిలోనే చెప్పండి. 2021 సెప్టెంబర్ 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలైనప్పటి నుంచి జనంలో రెండు అపోహలున్నాయి. ఒకటి, అది ఆరోగ్యశ్రీ లాంటి ఇన్సూరెన్స్ కార్డని. రెండోది, మన రికార్డులన్నీ ఢిల్లీలో ఒకే కంప్యూటర్‌లో పోగేస్తారని. రికార్డు ఏ ఆస్పత్రిది ఆ ఆస్పత్రి దగ్గరే ఉంటుంది, రోగి సరేనంటేనే ఇంకొకరికి కనిపిస్తుంది, ఆ సమ్మతికి గడువుంటుంది, వెనక్కి తీసుకోవచ్చు కూడా. ఓపీ దగ్గర 'ఓటీపీ చెప్పండి' అని అడిగేటప్పుడు ఈ రెండు ముక్కలు రోగికి తెలుగులో చెప్పగలిగితే పిల్లవాడు పాసైనట్టే.

ఇంకా టైముంటే 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ మీద జరిగిన రాన్సమ్‌వేర్ (కంప్యూటర్లలోని డేటాకి తాళం వేసి డబ్బు అడిగే) దాడి గురించి మాట్లాడించండి. రోజుల తరబడి ఓపీ, ల్యాబ్ అన్నీ కాగితాల మీద నడిచాయి. సర్వర్ పడిపోతే మీ వార్డులో మొదట ఆగిపోయేది ఏది, కాగితం మీద ఎలా నడుపుతారు? గ్రూపులుగా కూర్చోబెట్టి రాయిస్తే మంచి వాదన నడుస్తుంది.

పాత_పిల్లల_డాక్టరు (కొత్తపేట, గుంటూరు)

ఆ దాడి సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నా. ఈ పిల్లలకు కరెంటు పోతే డ్రిప్ రేటు లెక్కకట్టడం వచ్చా? అది కూడా ఆ రోజు పరీక్షలో పెట్టండి.

ఎస్పీఎం_అసిస్టెంట్ (విజయవాడ)

పెడతాను సార్.

ఇప్పటిదాకా నేను అనుకున్నది రాస్తున్నాను. పాత పీపీటీ చెత్తబుట్టలోకి. మొదట ఫారం 4, తర్వాత పేర్లు కొట్టేసిన పాత కేస్ షీట్లు ఇచ్చి సోప్ పద్ధతిలో తిరగరాయించడం, వాళ్లే ఐసీడీ కోడ్ వెతకడం. ఆ కోడ్లను ఎంఆర్‌డీ వాళ్లు వేసినవాటితో పోల్చి, తేడా వచ్చిన చోట ఎందుకొచ్చిందో వాదించుకోవాలి. వయసుల గ్రాఫ్. ఒక రోజు సిస్టర్ వాళ్లతో ఊళ్లో. మేష్టారి లెక్క కాగితం మీద. సమ్మతి గురించి తెలుగులో చెప్పించడం: ఒకరు రోగి, ఒకరు డాక్టర్. ఎస్‌క్యూఎల్ ఇష్టమున్నవాళ్లకు చివరి రెండు రోజులు, కోడర్ గారు శనివారం వస్తానంటే. పైథాన్ లేదు. చదువుకునే పిల్లలే కాబట్టి కావాలంటే వాళ్లే నేర్చుకుంటారు.

కేస్ షీట్లు క్లాసులో వాడటానికి ఎథిక్స్ కమిటీని ముందు అడగాలి. అందులో నెల పోయేలా ఉంది, అందుకే ఈ వారమే ఉత్తరం పెడుతున్నాను. మార్కులు థియరీకి ఇవ్వను, లాగ్‌బుక్‌కీ వైవాకీ ఇస్తాను. వైవాకి ఒక ప్రశ్న ఇప్పుడే ఖాయం చేశాను: పిల్లల చేతికి ఒక డాష్‌బోర్డు బొమ్మ ఇచ్చి, 'ఈ అంకె మొదట ఎవరు, ఎక్కడ, ఏ సమయంలో రాసి ఉంటారు?'

లబ్బీపేట_కోడర్

శనివారం వస్తాను సార్. నెట్ ఉంటుందిగా?

ఎస్పీఎం_అసిస్టెంట్ (విజయవాడ)

ల్యాబ్‌లో ఉంటుందనే అంటారు. మీ హాట్‌స్పాట్ తెచ్చుకోండి.

హౌస్‌సర్జన్_గుంటూరోడు

సార్, మాది వేరే కాలేజీ, ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాం. ఫారం 4 క్లాసుకి మేమిద్దరం ముగ్గురం వచ్చి వెనక కూర్చోవచ్చా? డ్యూటీ లేని రోజు పడితేనే లెండి.

ఎస్పీఎం_అసిస్టెంట్ (విజయవాడ)

వెనకెందుకు తమ్ముడూ, ముందే కూర్చోండి. రాత్రి రెండింటి సంగతి మా పిల్లలకు చెప్పాల్సింది మీరే. పీజీ అన్న 'అరెస్ట్ అని రాసెయ్' అంటే ఏమని జవాబు చెప్పాలో కూడా ఆలోచించుకుని రండి, అది నాకూ తెలియాలి.